అప్రస్తుత ప్రసంగం, ట్రోలింగ్: అయిష్టానికి నైతిక పరిమితి

ఒక అభిప్రాయం నచ్చకపోవడం దోషం కాదు; నచ్చలేదని చెప్పడమూ దోషం కాదు. అయితే ఆ అయిష్టాన్ని వ్యక్తం చేసే క్రమంలో విమర్శ ఎక్కడ అవమానంగా మారుతుంది? సామాజిక మాధ్యమాల్లోని చర్చలు ఈ పాత నైతిక ప్రశ్నను కొత్త తీవ్రతతో మన ముందుంచాయి. అంతరాయం కలిగించేవారికి సైతం సభలో స్థానం కల్పించిన అవధాన ప్రక్రియ ఆధారంగా దీన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కదిలే పడవ వెనుక ఎర కట్టిన గాలాన్ని లాగుతూ చేపలు పట్టడాన్ని ఆంగ్లంలో ‘ట్రోలింగ్’ అంటారు. చర్చలో జరిగే ట్రోలింగ్ స్వభావాన్ని ఈ అర్థమే తెలుపుతుంది. అక్కడ మాట ఎరగా మాత్రమే పనిచేస్తుంది. దాన్ని విసిరినవారు కోరేది సమాధానాన్ని కాక ఎదుటివారి ఉద్రేకాన్ని. కనుక మాట పరుషమా, మృదువా అన్నదాన్ని బట్టి ట్రోలింగ్‌ను నిర్ణయించలేం. పరుషమైన విమర్శ కూడా ఎదుటివారిని వాదానికి అర్హులుగా గుర్తిస్తుంది. ఎర ఎంత మృదువుగా ఉన్నా ఆ గుర్తింపును నిరాకరిస్తుంది.

పైకి చూస్తే అష్టావధానంలోని అప్రస్తుత ప్రసంగమూ ఇటువంటిదే. అవధాని నిషిద్ధాక్షరిలోనో దత్తపదిలోనో నిమగ్నమై ఉండగా పృచ్ఛకుడు సందర్భంతో పొత్తులేని ప్రశ్న వేసి ఏకాగ్రతను చెదరగొట్టజూస్తాడు. అవధాని చమత్కారంగా బదులిచ్చి తిరిగి పద్యంలోకి రావాలి. ఈ అంతరాయాన్ని సభ వినోదంగా స్వీకరించడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది అంగీకారం: అవధాని ఆ పరీక్షకు సిద్ధపడే వేదిక ఎక్కుతాడు. రెండవది జవాబుదారీతనం: పృచ్ఛకుడు ఎదురుగా కూర్చుని బదులు వింటాడు, ప్రశ్న పేలవమైతే సభ నవ్వు అతనిమీదికే మళ్లుతుంది. మూడవది అవధి: అవధానం ధారణతో ముగుస్తుంది. అన్ని అంతరాయాలను దాటి పద్యాలు నిలిచినప్పుడే పృచ్ఛకుడి పాత్ర కూడా సార్థకమవుతుంది.

ట్రోలింగ్‌లో ఈ మూడూ లోపిస్తాయి. గురి అయిన వ్యక్తి ఆ ఆటకు ఒప్పుకోలేదు. ఎర వేసినవారు బదులు వినడానికి నిలవరు. దానికి ముగింపూ లేదు. తొలగించిన మాట కూడా స్క్రీన్‌షాట్లుగా తిరుగుతూనే ఉంటుంది.

ఈ పోలికపై బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. పృచ్ఛక స్థానం అందరికీ దొరికేది కాదు. ఛందస్సు, సంస్కృతం నేర్చే అవకాశం కులం చేత, లింగభేదం చేత పరిమితమైన కాలంలో సభామర్యాద కొద్దిమంది మధ్య మర్యాదగానే ఉండేది. అక్కడ చోటు లేనివారు నేడు మారుపేరుతోనైనా పెద్దలను ప్రశ్నించగలుగుతున్నారు. బలహీనులకు మారుపేరు కవచం. కనుక అందరూ అసలు పేరు వెల్లడించాలని నిర్బంధించడం న్యాయం కాదు. ఈ ఆక్షేపణను అంగీకరించినా జవాబుదారీతనం అనే సూత్రం చెక్కుచెదరదు. మారుపేరుతో రాసి, వచ్చిన బదులును విని, తమ మాటను దిద్దుకునేవారున్నారు. అసలు పేరుతోనే ఎర వేసేవారూ ఉన్నారు.

ఈ భేదాన్ని చట్టం పూర్తిగా నిర్ణయించలేదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టివేసింది. చిరాకు, అసౌకర్యం వంటి అస్పష్ట పదాల ఆధారంగా భావప్రకటనను నేరంగా పరిగణించరాదన్నది ఆ తీర్పులోని ఒక ముఖ్యాంశం. ఇది సముచితమే. అయితే నేరం కానిదంతా ధర్మం కాదు. చట్టం తప్పుకున్న చోట వివేచన భారం చర్చలో పాల్గొనేవారిపై పడుతుంది.

ఆ భారాన్ని తేలికగా కనిపింపజేసేది సంఖ్య. ఒక్కరి అయిష్టం స్వల్పం. వేలమంది అయిష్టం ఒకరిమీద పడితే అది దండన. అయినా అందులో ఏ ఒక్కరికీ తాము దండించామన్న స్పృహ ఉండదు. యూట్యూబ్ 2021 నవంబరులో అయిష్టాల సంఖ్యను ప్రేక్షకులకు కనిపించకుండా చేసి, మీటను మాత్రం ఉంచింది. గుంపు దాడులను తగ్గించడమే ఉద్దేశమని చెప్పింది. దీనివల్ల ప్రేక్షకులు ఉపయోగకరమైన ఒక సూచికను కోల్పోయిన మాట నిజం. అయినా అయిష్టపడే స్వేచ్ఛ వేరు, దాన్ని అంకెగా ఊరేగించడం వేరు అనే గుర్తింపు ఆ నిర్ణయంలో ఉంది. లోకప్రియత్వానికీ ఇదే వర్తిస్తుంది. మెప్పుల సంఖ్య ఒక మాట ఎంత దూరం వ్యాపించిందో చెబుతుంది. అది సత్యమో కాదో చెప్పదు.

అందువల్ల ఈ సమస్యలో ఎర వేసినవారికన్నా ప్రేక్షకుల బాధ్యతే ఎక్కువ పరిశీలనార్హం. నవ్వు దక్కని అప్రస్తుత ప్రసంగం సభలో నిలవదు. మెప్పు దక్కని ట్రోలింగ్ కూడా అంతే. ఒక వెక్కిరింతను మెచ్చే ముందు, ఎదుటివారి బదులును కూడా అంతే ఓపికతో వినడానికి సిద్ధంగా ఉన్నామా అని ప్రశ్నించుకోవడం కనీస ధర్మం. ఆ సంసిద్ధత లేని చోట మొదట మౌనం వహించేది కొత్తగా రాస్తున్నవారు, సభలో ఇటీవలే చోటు సంపాదించుకున్నవారు. వారి మౌనంతో చర్చ కోల్పోయేది అంతవరకు ఎవరూ అడగని ప్రశ్నను.