పేరు నిలుచు తెఱగు

ఆగిరిపల్లి మామిడితోటలో సీసీ కెమేరా నమర్చి, దానికొక పేరు పెట్టి, హైదరాబాదునుండి కాపును చూచుకొనదలచిన రైతునకు ఎదురగు చిక్కు తత్త్వశాస్త్రమున కడు ప్రాచీనమైనది: రూటరు ఆగి మరల వెలిగినప్పుడెల్ల ఐపీ అడ్రసు మారిపోవచ్చును, అట్టిచో మారదని మనము నమ్మిన పేరు దేనిని పట్టుకొని నిలుచుచున్నది?

1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్ అను పేర్ల వ్యవస్థ పేరును అడ్రసుతో ముడివేసినది. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2136 అను ప్రమాణపత్రము ఆ ముడిని ఎప్పటికప్పుడు మార్చు మార్గమును చూపినది. డీడీక్లయింట్ వంటి సాఫ్ట్‌వేరు చేయునది స్వల్పమే: కొన్ని నిమిషముల కొకమారు నేటి అడ్రసెద్దియో విచారించి, తాను కడపట నమోదుచేసిన దానితో పోల్చి, భేదమున్నచో డీఎన్‌ఎస్ రికార్డును దిద్దును. ఆ రికార్డునకు టీటీఎల్ అను ఆయుఃప్రమాణమును 300 సెకండ్లకు కుదించుటయు, చెప్పిన మాట అచిరకాలములో అసత్యము కావచ్చునను ఎఱుకతోడనే.

సర్వము క్షణికమనిన బౌద్ధుడు ఇందు ఎడతెగని సంతానమునే, అనగా క్షణముల ప్రవాహమునే, చూచును. మార్పును గుర్తించుటకు మారనివాడొకడు వలయునని నైయాయికుడు వాదించును. అడ్రసు మారును, రికార్డు మారును, పోల్చి చూచు ప్రోగ్రామును ఒకనాడు మారును. పరీక్షించి దిద్దుకొను నియమము నిలుచును. ఊరి పేరునకును ఇదియే వర్తించును: 2022లో కృష్ణాజిల్లా విడిచి ఏలూరు జిల్లాలో చేరినను ఆగిరిపల్లి పేరు వ్యవహారమున చెల్లుట రెవిన్యూ దస్త్రములను దిద్దిన గుమాస్తాల వలననే. కావున నిత్యత్వము వస్తువుతో పుట్టిన గుణమని తలచుటకంటె, మానక చేయవలసిన నిత్యకృత్యమని తలచుట యుక్తము.