చేయి మారితే చూపు మారినట్టేనా?

మన గూడేల పిల్లలు సెల్‌ఫోన్‌తో వీడియోలు తీస్తున్నారు. ఇప్పపువ్వు ఏరడం, అవ్వ చెప్పే కథ, గోండిలో హాస్యం, దండారి ఆట. పనిలేని పని అంటారు కొందరు పెద్దలు. నేను అలా అనను. మన గోండి భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. మనకు దొరికే పుస్తకాలూ తక్కువే. అలాంటప్పుడు గోండిలో తీసిన మంచి వీడియో ఒక పాఠం లాంటిదే.

ఇంతకు ముందు కెమెరా మన చేతిలో లేదు. 1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి మనవాళ్ల ఫోటోలు తీశారు. అవి ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి. ఆయన మన పిల్లలకు బడులు పెట్టించారు, మన భూముల కోసం పాటుపడ్డారు. అది మరువరాదు. కానీ దేన్ని చూపాలో, దేన్ని వదలాలో తేల్చింది కెమెరా పట్టిన మనిషే. నేడు కెమెరా మన చేతికి వచ్చింది. అంతమాత్రాన చూపు కూడా మనదైపోయిందా?

గుస్సాడీ సంగతే చూద్దాం. దండారి రోజుల్లో గుస్సాడీ వేసినవాడు నియమంతో ఉంటాడు, స్నానం చేయడు. నెమలి ఈకల టోపీ అతనికి అలంకారం కాదు, దైవం. దండారి పక్క ఊరికి చుట్టంగా వెళ్తుంది, అక్కడ భోజనం చేస్తుంది, బంధుత్వం కలుపుతుంది. అర నిమిషం వీడియోలో వీటిలో ఏదీ మిగలదు. ఈకలు, గెంతులు మిగులుతాయి. గుమేల, పెప్రె చప్పుడు తీసేసి సినిమా పాట కలిపితే అదీ పోతుంది. మనల్ని వింతగా చూసిన బయటివాడి చూపే మన చేతిలోంచి మళ్లీ బయటికి వెళ్తుంది.

‘మార్చకపోతే ఎవరు చూస్తారు సార్?’ అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మార్పు తప్పు కాదు. మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని ఊరి బయటి వేదికలకు తీసుకెళ్లారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఆయన ఆ ఆటను యువకులకు నేర్పిన గురువు కూడా. ఆటలో తప్పు జరిగితే అడిగేవాళ్లు ఆయన ఊళ్లోనే ఉన్నారు.

తేడా అక్కడే ఉంది. పాతదా, కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. వీడియో తీసినవాడు ఎవరికి జవాబుదారీ అన్నదే ప్రశ్న. ముక్కూమొహం తెలియని వేలమంది లైకులకా, అందులో కనిపించే మనిషికా? అవ్వ తన మాటకు తానే నవ్వుకుంటే అది హాస్యం. ఆమెకు తెలియకుండా లోకం ఆమెను చూసి నవ్వితే అది అవమానం. తాగి పడిపోయిన తాతను, పూనకం వచ్చిన అక్కను తీసి పెట్టడం కూడా అంతే. ‘నిజమే కదా’ అంటే సరిపోదు. నిజమైనదల్లా మన సొత్తు కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వీడియోలు తీయండి. బాగా తీయండి. లోకానికి పంపే ముందు అందులో ఉన్నవాళ్ల పక్కన కూర్చుని ఒకసారి చూపించండి. వద్దంటే తీసేయండి. ‘ఇక్కడ తప్పు చెప్పావురా’ అంటే దిద్దండి. ఉపాధ్యాయ మిత్రులారా, ఫోన్ లాక్కోవడం తేలిక, ఈ అలవాటు నేర్పడం కష్టం. మన పని ఆ కష్టమైనదే.