అడుగు వరుసలో ఏముంది?

ఒకరోజు ఇషా నమాజు ముగిశాక ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. కొల్లేరు ప్రాంతంలో చేపల లారీలకు లోడు ఎత్తే జట్టులో అతను పనిచేస్తాడు. “మౌలానా గారూ, నిన్న రాత్రి మెత్తబడ్డ చేపను అడుగు ట్రేలలో వేసి, పై ట్రేలలో తాజా చేప వేయమన్నారు. లారీకి ఉన్న పరిమితి కంటే ఎక్కువ ఎక్కించమన్నారు. చెప్పినట్టే చేశాం. సరుకు నాది కాదు, లారీ నాది కాదు. నేను సర్దేవాడిని, అంతే. ఇందులో నాకు పాపం ఉందా?” అని అడిగాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. తాడేపల్లిగూడెం మార్కెట్టులో ఉల్లి బస్తాలు మోసే వారికీ, ఏలూరులో పార్సిల్ వ్యాన్లు నింపే వారికీ ఇదే సందేహం రావచ్చు. అందుకే అతనికి చెప్పిన సమాధానాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ముందుగా ఒక మాట. లోడు సర్దడం చిన్న పని అని ఎవరూ తేలిగ్గా తీసిపారేయకూడదు. అదొక విద్య. బరువైనవి అడుగున, తేలికైనవి పైన పెట్టాలి. బరువు రెండు పక్కలా సమానంగా పడాలి. అంతా వెనుక అంచునే పోగైతే ముందు చక్రాలకు పట్టు తగ్గి, బండి డ్రైవరు మాట వినదు. మధ్యలో ఖాళీలు వదిలితే బ్రేకు వేసినప్పుడల్లా సరుకు కదిలి దెబ్బతింటుంది. దారిలో నాలుగు చోట్ల దించాల్సి ఉంటే, చివర దిగేది ముందు ఎక్కాలి, మొదట దిగేది చివర ఎక్కాలి. చేపల లోడుకైతే ఐసు లెక్క కూడా చూసుకోవాలి. ప్రతి వరుసలో తగినంత ఐసు పడకపోతే శీలావతి అయినా బొచ్చె అయినా కోల్‌కతా చేరేసరికి పనికిరాకుండా పోతుంది. చోటు వృథా కాకుండా, సరుకు పాడవకుండా చేర్చే ఈ నేర్పు అమానత్‌ను కాపాడటంలో భాగమే.

దివ్యఖుర్‌ఆన్‌లో హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) ఓడలో ఏమేమి ఎక్కించుకోవాలో అల్లాహ్ స్వయంగా ఆదేశించాడు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథలో ధాన్యం గురించి మాట్లాడుతూ ఆయన సోదరులు ఒక ఒంటె మోసే బరువును కొలతగా చెప్పుకున్నారు. ఎక్కించడం, కొలవడం, మోయడం మన ధర్మం దృష్టికి రాని విషయాలేమీ కావు.

అయితే అదే నేర్పు సరుకును కాపాడటానికీ పనికొస్తుంది, సరుకులోని లోపాన్ని దాచడానికీ పనికొస్తుంది. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి ధాన్యం అమ్మే వ్యక్తి దగ్గర ఆగి, కుప్పలోకి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన వల్ల తడిసిందని అతను చెప్పుకున్నాడు. ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. వాన కురవడం ఆ వ్యాపారి తప్పు కాదు, ధాన్యం తడవడమూ అతని తప్పు కాదు. తప్పంతా దేన్ని పైన పెట్టాడు, దేన్ని కింద పెట్టాడు అనే దానిలోనే ఉంది. అంటే సర్దిన తీరే మోసం అయింది. కనుక “నేను సర్దేవాడిని మాత్రమే” అనే మాట ఈ విషయంలో సాకుగా నిలవదు.

ఇక బరువు సంగతి. మూడు ఇరుసుల పది చక్రాల లారీకి సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువును ప్రభుత్వం 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. దాన్ని మించితే 20,000 రూపాయలు, అదనంగా ఎక్కిన ప్రతి టన్నుకూ మరో 2,000 రూపాయలు జరిమానా అని 2019 సవరణ చట్టం చెబుతోంది. జరిమానా కట్టి తప్పించుకోవచ్చని కొందరు ధీమాగా ఉంటారు. కానీ బరువు పెరిగిన కొద్దీ బ్రేకు వేశాక బండి ఆగే దూరం పెరుగుతుంది, టైర్లు వేడెక్కి పేలే ప్రమాదమూ పెరుగుతుంది. 16వ నంబరు జాతీయ రహదారిపై ఆ లారీ ముందు స్కూటరు మీద పిల్లలతో వెళ్లే కుటుంబానికి ఆ జరిమానా రసీదు ఏ విధంగా అడ్డుపడుతుంది?

మదీనాలో ఒక అన్సారీ తోటలోని ఒంటె ప్రవక్తను చూసి కన్నీరు కార్చింది. దాన్ని ఆకలితో ఉంచి అలసిపోయేలా పని చేయిస్తున్నావని ఆయన యజమానిని మందలించారు. లారీకి కన్నీరు లేదు. దాని తరఫున ఫిర్యాదు చేయాల్సింది లోడు ఎత్తిన మనిషే.

ఇక ఆ యువకుడి ప్రశ్నకు వద్దాం. ఆజ్ఞ ఇచ్చినవాడి పాపం పెద్దది, సందేహం లేదు. బరువు ఎంతో తెలియక ఎత్తినవాడిపై నింద లేదు. తెలిసి సర్దినవాడు మాత్రం తన చేతులకు తాను జవాబుదారీ. సృష్టికర్తకు అవిధేయత అయ్యే పనిలో ఏ యజమానికీ విధేయత చెల్లదు. “మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు” అన్నాడతను. ఆ మాటను మేము తేలిగ్గా తీసుకోలేదు. ఒక్కడుగా ఎదురు నిలిస్తే రేపటి నుంచి పిలుపు రాకపోవచ్చు. కనుక ముందు జట్టు అంతా కలిసి మేస్త్రీతో మాట్లాడండి, మెత్తబడ్డ చేపను వేరుగా పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పి తక్కువ ధరకు అమ్మమని మర్యాదగా అడగండి అన్నాం. అయినా వినకపోతే వేరే షెడ్డులో పని వెతుక్కుంటూ, అది దొరికేదాకా అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోమన్నాం.

యజమానులైన సోదరులకూ ఒక విన్నపం. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడని మనకు తెలుసు. ప్రభువే పాటించే ఈ నియమాన్ని దాసులమైన మనం కూలీ విషయంలో, బండి విషయంలో మీరడం తగునా? పైగా అడుగు ట్రేలలో మీరు దాచినది కోల్‌కతా సంతలో బయటపడక మానదు. అక్కడ పడిపోయేది మీ ఒక్కరి మాటే కాదు, ఈ ప్రాంతపు చేప మాట.

ఆ యువకుడు లేచేటప్పుడు, “రాత్రంతా ఊరి బరువు మోస్తాను మౌలానా గారూ, ఇదొక్కటి మోయలేకపోయాను” అన్నాడు. ప్రళయదినాన ఒకరి భారాన్ని మరొకరు మోయరు. ఆ రోజు పైవరుస, అడుగువరుస అనే తేడా ఉండదు, అంతా బయట పరచబడుతుంది. అల్లాహ్ మనందరి సంపాదననూ పరిశుభ్రం చేయుగాక! ఆమీన్.