ఎవరి ఇల్లు, ఏనాటి ఇల్లు

అమెరికాలోని వర్జీనియాలో, చార్లట్స్‌విల్ పట్టణం పక్కన ఒక కొండ నెత్తిని చదును చేయించి థామస్ జెఫర్సన్ ఇల్లు మొదలుపెట్టింది 1769లో. అది పూర్తయిందనుకోవడానికి 1809 రావలసి వచ్చింది. ఈ నలభై ఏళ్లలో ఆయన గవర్నరయ్యాడు, ఫ్రాన్సుకు రాయబారిగా వెళ్లొచ్చాడు, దేశాధ్యక్షుడయ్యాడు. మాంటిచెల్లో అనే ఆ ఇల్లు మాత్రం కట్టుబడిలోనే ఉంది. ప్యారిస్ మేడలు చూసొచ్చిన కళ్లకు తన పాత ఇల్లు ఆనలేదు కాబోలు, 1796లో గోడలు పడగొట్టించి, దాదాపు రెట్టింపు చేయించి, పైన గుమ్మటం ఎక్కించాడు. 1923లో ఒక ధర్మసంస్థ ఆ ఇంటిని కొన్నది మొదలు మరమ్మతులు సాగుతూనే ఉన్నాయి. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు కట్టడం వరకే చెప్పారు. కట్టినదాన్ని రెండు వందల ఏళ్ల తర్వాత తిరిగి నిలబెట్టేవాడి చిక్కు వేరు. సున్నం, కలప దొరక్కపోవడం కాదు, దేన్ని అసలు ఇల్లనాలో తెలియకపోవడం. యజమానే కూలుస్తూ కడుతూ పోయిన ఇంటికి అసలు రూపం ఏ ఏటిది?

ఐరోపాలో దీనిమీద పెద్ద తగవే నడిచింది. పునరుద్ధరణ అంతా అబద్ధమేనని, పాత కట్టడాన్ని పడిపోకుండా చూసుకోవడమే మన పనని 1849లో జాన్ రస్కిన్ వాదించాడు. ఆయనకు సమకాలికుడైన ఫ్రెంచి స్థపతి వియొలే ల్ ద్యూక్ దీనికి పూర్తిగా ఎదురు: కట్టడాన్ని సంపూర్ణ స్థితికి తేవాలి, ఆ స్థితి మునుపెన్నడూ లేకపోయినా సరే. మాంటిచెల్లో భోజనాల గది ఇద్దరినీ ఇరుకున పెడుతుంది. 1936 నుంచి ఆ గది గోడలు లేత నీలం. పూత పొరల్ని పరీక్షించి చూస్తే జెఫర్సన్ చివరి రోజుల్లో అక్కడున్నది కళ్లు చెదిరే క్రోమ్ పసుపు అని తేలింది. 2010లో ఆ రంగే మళ్లీ వేశారు. మూడు తరాల సందర్శకులు అసలనుకున్నది అసలు కాదు. ఇప్పటి పసుపూ జెఫర్సన్ వేయించిన పూత కాదు. నేల కిందకు పోతే 1950లలో దూర్చిన ఉక్కు దూలాలున్నాయి. పదార్థాన్ని బట్టి చూస్తే ఇది జెఫర్సన్ ఇల్లు సగమే. కానీ సగం ఇల్లని ఎవరూ అనరు.

మనవాళ్లకు ఈ విషయంలో రస్కిన్ అంత బెంగ లేదు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి దాకా భక్తులకు దర్శనం తాత్కాలికమైన బాలాలయంలోనే. ఈలోగా గోపురాలూ ప్రాకారాలూ నల్లరాతిలో కొత్తగా లేచాయి. మహాకుంభ సంప్రోక్షణ అయ్యాక, ఇది నిన్నటి రాయి కదా అని మొక్కు వాయిదా వేసుకున్నవాడు లేడు. అంతకు ఎంతో ముందే మిలిందరాజుతో సంవాదంలో బౌద్ధ భిక్షువు నాగసేనుడు రథాన్ని విడదీసి చూపించాడు. ఇరుసు రథం కాదు, చక్రం కాదు, నొగ కాదు. అన్నీ కూడినప్పుడే రథమన్న వ్యవహారం. నాకు ఈ దారే సబబుగా తోస్తుంది, ఒక లోటుతో. రథం దేనితో తయారైందన్న దగ్గర నాగసేనుడు ఆగాడు. దాన్ని లాగినవాళ్ల సంగతి అక్కడ రాలేదు. ఇంటి విషయంలో అది తప్పించుకోలేని ప్రశ్న. ఇల్లంటే రాళ్ల పోగు కాదు, అందులో సాగిన బతుకు అని ఒప్పుకుంటే, ఆ బతుకు ఎవరిదో కూడా చెప్పాలి.

జెఫర్సన్ ఆ జవాబును కంటికి కనపడకుండా కట్టించాడు. వంటశాల, మాంసం పొగబెట్టే గది, పాలగది, గుర్రపుశాల, అన్నీ కొండవాలులోకి తవ్విన రెండు రెక్కల్లో, పైన షికారు చేయడానికి వీలైన కప్పుల కింద ఉంటాయి. పచ్చిక మీద నిలబడినవాడికి మేడ కనిపిస్తుంది, పని కనిపించదు. కాస్త దిగువన మల్బరీ చెట్ల వరుస వెంట వడ్రంగి కొట్టు, కొలిమి, మేకుల కార్ఖానా, బానిసల చెక్క గుడిసెలు. బీమా కోసం 1796లో జెఫర్సన్ వేసిన పటంలో వీటి కొలతలున్నాయి. మేకులు కొట్టింది పదేళ్ల నుంచి పదహారేళ్ల పిల్లలు. ఎవడు ఎంత ఇనుము వృథా చేశాడో యజమాని లెక్క రాసుకున్నాడు. మేడలోని నాణ్యమైన కలపపనిలో జాన్ హెమింగ్స్ అనే బానిస వడ్రంగి చేయి ఉంది. ఆ కొండమీద జెఫర్సన్ బానిసలుగా బతికినవాళ్లు 400 మందికి పైనే. 1826లో ఆయన అప్పులు మిగిల్చి పోతే, మరుసటేడు 130 మందిని ఇంటి సామానుతో కలిపి వేలం వేశారు. మేడ నిలిచింది, గుడిసెలు మట్టిలో కలిశాయి. ఇటుక మన్నుతుంది, చెక్క మన్నదు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఎవరికి ఇటుక, ఎవరికి చెక్క అన్నది ప్రకృతి తేల్చింది కాదు. అందుకే మిగిలినదాన్ని మాత్రమే కాపాడతామనే మరమ్మతు తటస్థం కాదు. యజమాని ఎప్పుడో చేసిన ఎంపికను అది ఇంకోసారి అమలు చేస్తుంది.

2015లో మల్బరీ చెట్ల వరుసలో ఒక గుడిసెను మళ్లీ కట్టారు. రస్కిన్ శిష్యులు అడగవలసిన ప్రశ్నే అడుగుతారు: నిన్న కోసిన దుంగలతో కట్టింది నకలు కాదా? నకలే. పసుపు పూసిన గది ఎంత నకలో ఇదీ అంతే. ఒకదానికి టికెట్టు కొని రెండోదాన్ని బొమ్మరిల్లనడం కుదరదు. ఆధారం ఉందా లేదా అన్నదే గీటురాయి. తవ్వకాలు, 1796 నాటి పటం ఆ గుడిసెకు ఆధారం. ఆధారం లేనిచోట ఏం చేయాలో శాలీ హెమింగ్స్ ప్రదర్శన చూపిస్తుంది. జెఫర్సన్‌కు పిల్లల్ని కన్న ఈ బానిస స్త్రీ రూపం ఎలా ఉండేదో చెప్పే చిత్రం ఒక్కటీ లేదు. 2018లో దక్షిణపు రెక్కలోని గదిని ఆమెకు కేటాయించినప్పుడు మంచం, కుర్చీ కల్పించి పెట్టలేదు. ఖాళీ గది, గోడమీద నీడ, కొడుకు మాడిసన్ చెప్పిన మాటలు. మొత్తం కొండమీద నాకు అన్నిటికంటే నిజాయితీగా కనిపించే పునరుద్ధరణ ఇదే. ఇది కట్టడ కళ, 1987లో యునెస్కో గుర్తించింది అందుకే, చెమట లెక్కలు ఇక్కడెందుకు అనేవాళ్లూ ఉన్నారు. కలపను నునుపు చేసిన చేతిని వదిలేసి నునుపును మెచ్చుకోవడం కళాభిమానం ఎలా అవుతుందో వాళ్లే చెప్పాలి. ఇక, ఇలా పోతే అంతెక్కడ అనేది గట్టి ఆక్షేపణే. 1834లో ఆ శిథిలాన్ని కొని కాపాడిన యూదు నావికాధికారి యూరయా లెవీ ఉన్నాడు, మల్బరీ వరుస పక్కనే ఆయన తల్లి సమాధి ఉంది. వాళ్ల కథా చెప్పాలి. అంతు లేకపోతే లేకపోనీ, పని ఆగకపోవడం తప్పేమీ కాదు.

జెఫర్సన్ ఇల్లు ముగింపుకొస్తున్న ఏళ్లలోనే హైదరాబాదు కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ రెసిడెన్సీ లేచింది. భార్య ఖైరున్నీసా కోసం ఆయన కట్టించిన రంగమహల్‌ను తర్వాతి దొరలు 1860 ప్రాంతంలో పడగొట్టించారు. స్తంభాల మేడ ఈమధ్య మరమ్మతుకు నోచుకుంది. రంగమహల్‌కు ఆ అవకాశం లేదు. ఊహించి కట్టడం కంటే, ఆ ఖాళీ జాగాను ఖాళీగానే గుర్తుపెట్టి చూపించడం మేలు. తెలంగాణ పల్లెల్లో గడీలకు సున్నం కొట్టించాలనుకుంటున్నవాళ్లకు నా మనవి కూడా ఇదే. దర్వాజాల చెక్కడం పనికి మనుషుల్ని వెతికేముందు వెట్టివాళ్లు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ తిన్నారో, ధాన్యం ఏ కొట్టంలో కొలిచారో ఊళ్లో పెద్దవాళ్లు బతికుండగానే అడిగి పటం గీయించండి. అంచనా కాగితంలో మొదటి పద్దు అదే కావాలి.