కిటికీ గట్టుమీది గ్లాసు



దాహము వేసినపుడు నీళ్ల గ్లాసు కొరకు చేయి చాపుదుము. దాహము తీరిన పిమ్మట అది మన కంటికి ఆనదు. అట్టి గ్లాసునందు కవిత్వము గలదా? ఉన్నయెడల అది గ్లాసులో నున్నదా, చూచువాని కన్నులలో నున్నదా?

యోసెఫ్ సుదెక్ అను ఫొటోగ్రాఫరు 1896వ సంవత్సరమున నేటి చెక్ దేశమునందు జన్మించెను. మొదట పుస్తకములకు బైండు కట్టు పని నేర్చుకొనెను. మొదటి ప్రపంచయుద్ధములో ఇటలీ సరిహద్దున గాయపడగా వైద్యులు అతని కుడిచేతిని తీసివేసిరి. ఒంటిచేతితో బైండుపని సాగదు గనుక కెమెరా పట్టెను.

ప్రాగ్ నగరములో ఒక తోటయందలి చిన్న కొయ్యగది అతని పనిచోటు. 1939 మొదలు 1945 వరకు ఆ నగరము జర్మనుల వశమందుండెను. ఆ దినములలో, 1940లో, అతడు కెమెరాను తన కిటికీవైపు త్రిప్పెను. 1954 వరకు ఆ కిటికీని ఫొటోలు తీయుచునే యుండెను. దాని గట్టుమీద నీళ్లగ్లాసు, కోడిగ్రుడ్డు, రొట్టెముక్క వంటి వస్తువులనుంచి, వెలుగు వాటిమీదికి వచ్చువరకు కనిపెట్టుకొని యుండెడివాడు. గ్లాసులో అందము ముందే యున్నది. దానియొద్ద నిలుచువాడే కరవు.

“లోకము తగులబడుచుండగా గ్లాసును చూచుచు కూర్చుండుట న్యాయమా?” అని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన మాటయే. పొరుగువాని ఆకలినుండి ముఖము త్రిప్పుకొనుటకై అందమును చూచినయెడల అది దోషమే. అయితే యుద్ధము ప్రతిదానికిని పనినిబట్టి వెల కట్టి, పనికిరానిదానిని పారవేయును. చేయి పోయిన సైనికునికి ఆ లెక్క తెలియకపోదు. ఒక వస్తువునుండి ఏమియు కోరక దానిని నిదానించి చూచువాడు ఆ లెక్కను ఒప్పుకొననివాడు.

మనమో? పొయ్యియొద్దనున్న తల్లిని అన్నము ఆలస్యమైన దినముననే తలంతుము. నాగలి పట్టలేని ముసలితండ్రి తన మంచముతోపాటు మన కంటికి మరుగైపోవును. ఇంటివారినే పనినిబట్టి చూచు మనము గ్లాసునందు కవిత్వము లేదనుటలో వింత యేమి?

దీనికి కెమెరా అక్కరలేదు. ఈ సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఆ తండ్రి మంచముప్రక్కను కూర్చుండుడి. ఏ పనియు చెప్పక, ఏమియు అడుగక, కొంచెముసేపు ఆయన ముఖమును చూడుడి.