దావత్‌లో వెలుతురు ఎవరిది?

ఇంటికి నలుగురిని భోజనానికి పిలిచినప్పుడు లైట్లు ఎట్లా పెట్టాలన్నది పైకి అలంకరణ ప్రశ్న. ఇప్పుడు దానికి లెక్కలు కూడా ఉన్నాయి. 2700 కెల్విన్ బల్బు అయితే వెచ్చటి పసుపు, 6500 అయితే మన ట్యూబ్‌లైట్ తెలుపు. భోజనాల బల్ల మీద పసుపుది వేలాడదీసి, డిమ్మర్‌తో తగ్గించి, మూలల్లో చిన్న దీపాలు పెట్టమంటారు. మొహాలు అందంగా కనిపిస్తాయి, మాటలు మెత్తబడతాయి. నిజమే. హైదరాబాద్‌లో నాతో పనిచేసే ఇంజనీర్ల ఇళ్లు చాలావరకు ఇట్లాగే ఉన్నాయి, నాదీ అంతే.

మా పాలకుర్తిలో మాత్రం దావత్ అంటే వెలుగు కుమ్మరించాలి. మసక వెలుతుర్లో అన్నం పెడితే పిసినారి అనుకుంటారు. అందులో తర్కం లేకపోలేదు. బొక్క ఏదో ముక్క ఏదో తినేవాడికి కనపడాలి. 20 ఏళ్ల కంటిలోకి చేరే వెలుతురులో 60 ఏళ్ల కంటికి దాదాపు మూడో వంతే చేరుతుంది. మనమేమో మన కళ్లకి సరిపోయేట్టు డిమ్మర్ తిప్పి, పెద్దనాన్నని కూడా అక్కడే కూర్చోబెడతాం. జపాన్ రచయిత జునిచిరో తనిజకి 1933లో నీడల అందం గురించి రాసిన వ్యాసం నాకు చాలా ఇష్టం. లక్క గిన్నెలో చారుకి మసక వెలుతురే తగినదంటాడు. చేపల పులుసుకి ఆ సలహా పనికిరాదు.

కానీ ఎంత వెలుతురు అన్నదానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: అది ఎవరి చేతుల మీదుగా వస్తోంది, ఎవరిదాకా పోకుండా ఆగుతోంది?

కరెంటు లేని రోజుల్లో పెద్దింటి రాత్రి విందుకి, ఊరేగింపుకి వెలుతురు అంటే ఒక మనిషి. నూనె పోస్తూ, దివిటీ ఎత్తి పట్టుకుని నిలబడే మనిషి. 1909లో అచ్చయిన తన ఏడు సంపుటాల్లో ఎడ్గర్ థర్స్టన్, తెలుగు చాకలివాళ్లు బట్టలుతకడంతో పాటు దివిటీలు, పల్లకీలు కూడా మోస్తారని రాశాడు. ఆయన రాసింది ముఖ్యంగా మద్రాసు వైపు సంగతి. నిజాం తెలంగాణలో ఇట్లాంటి ఊరికే చేయించుకునే పనులకి వెట్టి అని పేరు. దొర బండికి ముందూ వెనకా ఉరకడం కూడా అందులో భాగమే. దివిటీ పట్టినవాడికి విందంతా అందరికంటే బాగా కనిపిస్తుంది. విందులో వాళ్ల లెక్కలోకే అతను రాడు.

పాలకుర్తివాడు ఈ సంగతి ఆలోచిస్తూ చిట్యాల ఐలమ్మని తలుచుకోకుండా ఉండలేడు. రజక కుటుంబం. కౌలుకి చేసుకుంటున్న భూమి మీద విస్నూరు దేశ్‌ముఖ్ కన్నేస్తే, ఆంధ్ర మహాసభ సంఘం అండతో పంటని తన ఇంటికి చేర్చుకుంది. దాన్ని మనం భూమి కథగా చెప్పుకుంటాం, సరైనదే. నాకు అందులో పొయ్యి కథ కూడా కనిపిస్తుంది. ఇంకొకరి ఇంటి పనికే పుట్టారనుకున్నవాళ్లు, మా గింజలు మా ఇంట్లోనే వండుకుంటాం అనడం.

ఎల్‌ఈడీలు వచ్చాక దివిటీ మనిషి అక్కర తీరిందనొచ్చు. అంత తొందరేం లేదు. పెళ్లి బారాత్‌లో నెత్తిన లైటు పెట్టుకుని, వెనక వచ్చే జనరేటర్‌కి వైరుతో కట్టేసినట్టు నడిచేవాళ్లని నా వయసువాళ్లందరం చూశాం. ఇంటి దావత్‌లో ఆ మనిషి వెనక్కి, దొడ్లోకి వెళ్లింది. హాల్లో డిమ్మర్, వంటింట్లో ఒక ట్యూబ్‌లైట్, బోళ్లు తోమే చోట కిటికీలోంచి పడే మిగులు వెలుతురు. జిడ్డు పోయిందో లేదో ఆమె చేత్తో తడిమి చూసుకుంటుంది. ఇంటి ప్లాన్లలో భోజనాల బల్లకి మూడు లైట్ పాయింట్లుంటాయి, తోమే చోటుకి చాలాసార్లు ఒక్కటీ ఉండదు.

అక్కడో లైటు పెడితే ఏం మారుతుంది, జీతం పెరుగుతుందా, ఆమె మనతో బల్ల దగ్గర కూర్చుంటుందా అంటారు. లేదు. పైగా బాగా కనపడుతోంది కదా, ఇంకా తళతళలాడేట్టు తోమమంటాం కూడా. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ స్విచ్ మీద చేయి ఉన్నవాడికి మసక వెలుతురు ఒక రుచి, లేనివాళ్లకి అది చీకటే. ఆ తేడా తెలిసి కూడా జీతాల సంగతి తేలేదాకా ఆగుదాం అనడం నాకు నచ్చదు.

దావత్‌కి లైట్లు ఎట్లా పెట్టాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ముందు తోమే చోటు ఎక్కడో అడుగుతున్నాను. 9 వాట్ల తెల్ల బల్బు చాలు. వెనక నుంచి కాకుండా ఎదురుగా పెట్టాలి, లేకపోతే ఆమె నీడ ఆమె గిన్నెల మీదే పడుతుంది. స్విచ్ ఇంట్లో కాదు, బయట, ఆమె చేతికందే ఎత్తులో.