నగలోని రాళ్ళకు ఏ తూకము?

మిరపకాయలు యార్డుకు చేరి, పత్తి తీతలు ముగిసిన తరువాత మన పల్లెలనుండి నరసరావుపేటకో, గుంటూరుకో, ఒంగోలుకో బంగారము కొనుటకు పోవుట వాడుకయే. కూతురి పెండ్లికి కొందుము. పురుగు పట్టిన యేట, ధర పడిపోయిన యేట అదే నగను మూటగట్టి తిరిగి దుకాణమునకు తీసికొని పోవుదుము. విశ్వాసురాలు నగలు పెట్టుకొనవచ్చునా అను ప్రశ్న మన సంఘములలో బహుకాలముగా నున్నది. మేమిప్పుడు దాని జోలికి పోము. నగను అమ్మువాడు కొనువారికి ఎంతవరకు చెప్పవలెను? అడుగనిదానిని చెప్పకుండుట అబద్ధమగునా? ఇదియే మా ప్రశ్న.

మొదట లోహము సంగతి. మేలిమి బంగారము 24 కారట్లు. అది మెత్తనిది, రాతిని పట్టియుంచు అంచు వంగిపోవును. కావున కంసాలి దానిలో రాగియో వెండియో కలుపును. 22 కారట్ల నగలో వెయ్యి పాళ్ళకు 916 పాళ్ళు బంగారము. వజ్రములు పొదుగుటకు తరచుగా వాడు 18 కారట్లలో 750 పాళ్ళు. దీనిని కల్తీ యనరాదు, కలుపనిదే నగ నిలువదు. 18ని 22 అని చెప్పి అమ్మినప్పుడే అది మోసము. రాళ్ళ సంగతియు అంతే. కొలిమిలో కెంపులు చేయు విధానమును 1902లో వెర్నొయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. అవి గాజు కావు. గనిలోని కెంపు ఏ పదార్థమో అవియు అదే. చేసిన కెంపని చెప్పి అమ్మిన తప్పేమి? "అమెరికన్ డైమండ్" అను పేరు మాత్రము మాకు రుచించదు. అది జిర్కోనియా, వజ్రము కానే కాదు. కోహినూరు దొరికినదని చెప్పుకొను కొల్లూరు మన కృష్ణ ఒడ్డునే యుండినను, వజ్రమేదో గాజేదో మనలో ఎందరికి తెలియును?

ఇక తూకము. నెక్లెసు 40 గ్రాములు తూగినదనుకొనుడి. అందులో రాళ్ళు, లక్క 6 గ్రాములు. నిజమైన లోహము 34 గ్రాములే. అమ్మునప్పుడు 40కి బంగారపు ధర కట్టి, తిరిగి తీసికొనునప్పుడు రాళ్ళు తీసివేసి 34కే లెక్క కట్టినచో, ఆ 6 గ్రాములు ఎవరి సొమ్ము? ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఒకే సంచిలో హెచ్చు, తగ్గు తూనికరాళ్ళు రెండు ఉంచుకొనుట నిషేధింపబడినది. ఇచ్చట త్రాసు ఒక్కటే, అది సరియైనదే. అయినను తూనికలు రెండైనవి. దుకాణదారుడు నోట ఒక్క అబద్ధమును ఆడలేదు. ఆడకయే పని జరిగినది.

2021 జూన్ 23 నుండి 256 జిల్లాలలో మొదలుకొని బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరియైనది. బిల్లులో లోహము నికర బరువును, కారట్లను వేరుగా వ్రాయవలెను. ఇది మేలైన చట్టము. అయితే ఆ గుర్తు బంగారమును గూర్చియే సాక్ష్యమిచ్చును, రాతిని గూర్చి కాదు. మరియు బిల్లు చదువలేని అవ్వకు దానిని చదివి వినిపించువారెవరు? తెలిసినవాడే చెప్పవలెనని మా అభిప్రాయము. ఆమె అడుగకపోవుట ఆమెకు తెలియకపోవుటవలననే గదా!

అంత మాత్రమున మనము నీతిమంతులము కాము. సామెతలు 20వ అధ్యాయములో కొనునప్పుడు వస్తువును హీనపరచి, ఇంటికి పోవునప్పుడు అతిశయపడువాడు మనకు ఎరుగని మనిషి కాడు. పత్తి బోరెముపై నీళ్ళు చల్లిన చేయి, టిక్కీ అడుగున తాలుకాయలు దాచిన చేయి కంసాలి త్రాసును నిందించుటకు ఎట్లు లేచును?

మిగిలినది పాత నగల సంగతి. హాల్‌మార్కు లేని రోజులలో తండ్రి అమ్మిన హారము నేడు కుమారుని దుకాణమునకు వచ్చును. అప్పటి లెక్క అతనిది కాదు, చట్టము అతనిని అడుగదు. అయినను తెచ్చినవారి కన్నుల యెదుటనే రాళ్ళు ఊడదీసి, వేరుగా తూచి, మా నాన్నగారు వీటికి కూడ బంగారపు ధర కట్టియుండవచ్చునమ్మా అని అతడు చెప్పగలడా? చెప్పవలెననియే మేము తలంచుచున్నాము, అందువలన ఆ దినపు బేరము పోయినను సరే.